రిజిస్టరు అంచున పెన్సిలు

"అది పేలితే ఏం చేస్తారు?" అన్నాను.

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఇంకా లారీలోంచి కూడా దిగలేదు. దిగనీ. దిగాక పునాది మీద కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టాక గొట్టాలు కలపాలి. తర్వాత నీళ్ళు, ఆ తర్వాత నిప్పు. పేలడం అన్నిటికన్నా చివరి పని. నువ్వు ముందే వెళ్ళి అక్కడ కూర్చుంటే మేమొచ్చేసరికి నీకు విసుగు పుడుతుంది."

ముందు గదిలో కంప్యూటరు దగ్గరున్న మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాకు భయం ఎక్కువ. అది అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఒకటుంది. భయపడ్డ సంగతిని పైకి అనేస్తే అది జరగదని నాకు ఒక నమ్మకం. అమ్మాయి చదువుకునే రోజుల్లో ప్రతి పొద్దునా "బస్సు బోల్తా పడితే?" అనేదాన్ని, పడలేదు. మా ఆయన ఇరవై రెండేళ్ళు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో బాయిలరు ముందు నిలబడి నిప్పు చూశారు. రోజూ ఏదో ఒకటి అనే పంపాను, రోజూ ఇంటికి వచ్చారు. ఏడో తరగతితో చదువు ఆగిన మనిషిని, నాకు తెలిసిన కాపలా అదొక్కటే.

ఆ ఏడు ఎండాకాలంలో వాళ్ళ పాత బాయిలరు పనికిరాదని తీసేశారు. వానాకాలం సగం గడిచాక, ఎక్కడో వాడేసిన బాయిలరు ఒకటి ఓడ ఎక్కి, లారీ ఎక్కి వచ్చింది. దాంతో పాటు మూడు పొడుగాటి రిజిస్టర్లు వచ్చాయి. అక్కడ దాన్ని నడిపినవాళ్ళు రోజువారీ రాసుకున్న పుస్తకాలు. బాయిలర్ల ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, ఆ మూడు పుస్తకాలూ ఇంగ్లీషులోకి మార్చి తన బల్ల మీద పెట్టేదాకా నిప్పు పెట్టడానికి వీల్లేదన్నాడట.

"ఎందుకట?" అన్నాను.

"పెళ్ళిచూపుల్లో అడగరూ, ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా అని. అలాగ," అన్నారు మా ఆయన.

ఆ పుస్తకాలున్న భాష పేరు ఖ్మేర్. కంబోడియా వాళ్ళ భాష అని అమ్మాయి చెప్పింది. నేను మొదటి పేజీ తెరిచి చాలాసేపు చూశాను. మన అక్షరాలకు తలకట్టు ఉన్నట్టే వాటికీ నెత్తి మీద ఏదో చిన్న ముడి ఉంది. దూరపు చుట్టాల్లా కనిపించాయి గానీ, పలకరిస్తే ఒక్కటీ పలకలేదు.

ఆ పుస్తకాలు మా ఇంటికి రావడానికి కారణం మా అమ్మాయి ఉద్యోగం. ఎవరైనా అడిగితే "కంప్యూటరు పని" అనేస్తాను. నిజానికి అది మనుషుల్ని వెతికే పని. ఒక తర్జుమాల కంపెనీకి మా ముందు గదిలోనే కూర్చునే పని చేస్తుంది. ఎవరికో మందుల కాగితం ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కావాలి, ఇంకెవరికో కోర్టు కాగితం కావాలి. భాష వచ్చినవాళ్ళు సరిపోరట, ఆ పని కూడా తెలిసి ఉండాలట. అలాంటివాళ్ళు ఏ మూలనున్నా పట్టుకోవడం ఈమె పని. ఫ్యాక్టరీ మేనేజరుకు ఆ సంగతి తెలిసి, పుస్తకాలు సంచిలో వేసి మా ఆయన చేతికే ఇచ్చి పంపాడు.

"ఖ్మేర్ నుంచి ఇంగ్లీషుకు చేసేవాళ్ళు నా జాబితాలో పదకొండు మంది ఉన్నారు నాన్నా," అంది అమ్మాయి. "తొమ్మిది మంది ఆసుపత్రి కాగితాలు, కోర్టు కాగితాలు. ఒకాయన చేపల చెరువులు. ఇంకొకాయన యాత్రికులకు పాత గుళ్ళు చూపించే గైడు."

"బాయిలరో?"

"బాయిలరు ఎవరూ లేరు."

"చేపల చెరువాయన్ని పెట్టు. అందులోనూ నీళ్ళే కదా," అన్నారాయన.

"ఆయన చదివింది ఒకటీ రాసేది ఇంకొకటీ అయితే?" అన్నాను నేను.

"అదే అమ్మా," అంది అమ్మాయి. నా భయానికి ఆ ఇంట్లో ఎవరైనా 'అదే' అనడం అదే మొదటిసారి. "అందుకే పరీక్ష పెడతాను. పుస్తకంలోంచి ఒక పేజీ పంపుతాను. అందులో ఒక వరస మీద నూనె పడి అక్షరాలు కనపడవు. అది ఎవరూ చదవలేరు. కనపడలేదండీ, ఇదేమిటి అని నన్ను తిరిగి అడిగినవాళ్ళు పాసు. ఏదో ఒకటి నింపి పంపినవాళ్ళు ఫెయిలు."

నాకు అర్థం కాలేదు. "తెలియదన్నవాళ్ళు పాసా?"

"అడగనివాళ్ళంటేనే నాకు భయం."

నేను చదివిన బడిలో తెలియదంటే బెంచీ ఎక్కించేవారు. లోకం ఎప్పుడు తిరగబడిందో నాకు ఎవరూ చెప్పలేదు.

మూడు పుస్తకాలకూ ఫొటోలు తియ్యడం నాకు అప్పజెప్పారు. అమ్మాయికి తీరిక లేదు, ఫోను మీద ఫోను. ఎలా పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో చూపించింది. "పేజీలో గడులున్న గీతల చట్రం దాకా వస్తే చాలు. మరకలు, మడతలు లేకుండా శుభ్రంగా రావాలమ్మా. లేకపోతే చదవలేమని వెనక్కి పంపేస్తారు," అంది.

ఆమె ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి పని అది. కిటికీ పక్కన బల్ల తుడిచి, పాత దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని కూర్చున్నాను. పేజీ నిండా ఇంకుతో గడులు, గడుల్లో అంకెలు, వాటి పక్కన ఆ తలకట్ల అక్షరాలు. పొందిగ్గా ఉన్నాయి. గడుల బయట, అంచున మాత్రం పెన్సిలు గీతలు. ఎవరో పసివాడు కూర్చుని గీసినట్టు ఒక పెద్ద సున్న, దాని లోపల వరసలుగా చుక్కలు, కొన్ని చుక్కల మీద అడ్డంగా కొట్టేసిన గుర్తు, కింద రెండు మూడు అక్షరాలు. నాలుగైదు పేజీలకొకసారి అదే బొమ్మ.

అవి మరకలనుకున్నాను. కాదు, అబద్ధమెందుకు, మరకలు కావని తెలుసు, పనికిమాలిన గీతలనుకున్నాను. పెద్దవాళ్ళ లెక్కల పుస్తకంలో పిల్లలు ఆడుకున్నారని. శుభ్రంగా రావాలి అంది కదా. నా దగ్గర మంచి రబ్బరు ఉంది. దిండు గలీబుల మీద పూలు కుట్టి అమ్మడం నా పని. ముందు పెన్సిలుతో గుడ్డ మీద బొమ్మ దించుకుని, కుట్టాక మిగిలిన గీత చెరపడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. కాగితం చిరగకుండా, ఇంకు చెదరకుండా, ఒక్కొక్క సున్న మీదా రబ్బరు తిప్పాను. చెరిపి ఫొటోలు తియ్యడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. మొదటి పుస్తకం మొత్తం పూర్తయ్యేసరికి రబ్బరు శనగగింజంత మిగిలింది.

రెండో పుస్తకం తెరిచేలోపు అమ్మాయి వచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నావా? మిగతావి అలాగే తీసెయ్యమ్మా, వాళ్ళు తొందరపెడుతున్నారు." గీతల చట్రం దాకా పెట్టి మిగతా రెండు పుస్తకాలూ గంటలో తీసేశాను.

"ఎంత శుభ్రంగా తీశావో," అంది ఫొటోలు చూసి. ఆ పూట వంట చేస్తూ కూనిరాగం తీశానని మా ఆయన ఎగతాళి చేశారు.

తర్వాత మూడు వారాలు మా ముందు గదిలోకి లోకమంతా వచ్చిపోయింది. నేను టీలు అందిస్తూ వినేదాన్ని. ఒక డాక్టరమ్మ పరీక్ష పేజీ పంపింది. బాయిలరుకు రోజుకు మూడు పూటలా మందు వేస్తున్నట్టుగా ఉందట అది. గైడు పంపింది చదువుతుంటే బాయిలరు చుట్టూ ప్రదక్షిణం చెయ్యాలనిపించిందట. చేపల చెరువాయన నిజాయితీపరుడు, నాకు రాదమ్మా అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కోర్టులో పనిచేసే ఒకావిడ పేజీలో సగం ఖాళీలు వదిలి, ఒక్కొక్క ఖాళీ పక్కనా ఒక్కొక్క ప్రశ్న రాసింది. మొత్తం ఇరవై ఆరు ప్రశ్నలు.

"ఈవిడ పాసు," అంది అమ్మాయి ముఖం వెలిగిపోతూ.

"ఇరవై ఆరు తెలియవన్న మనిషా?"

"భాష బ్రహ్మాండంగా వచ్చమ్మా. బాయిలరు ఒక్కటే రాదు."

"మనకు కావలసింది ఆ ఒక్కటే కదే."

ఆమె మళ్ళీ ఫోను అందుకుంది. నేనన్నదాంట్లో తప్పేముందో నాకూ తెలియలేదు.

అప్పుడు వచ్చాడు చిలక. ఆ పేరు నేను పెట్టిందే. యువకుడు, ఫోనులో వినసొంపుగా మాట్లాడతాడు, దేనికైనా సరేనండీ అంటాడు. పరీక్ష పేజీలో నూనె మరక వరసను కూడా నింపేశాడు. అమ్మాయి వద్దంది. కానీ మేనేజరు ఆగలేదు. వానలు తగ్గుతున్నాయి, వానలు తగ్గితే అట్టపెట్టెలకు గిరాకీ మొదలవుతుంది. అమ్మాయి పైవాళ్ళతో తానే మాట్లాడి, చిలకకు పని ఇప్పించాడు. ఎనిమిది రోజుల్లో మూడు పుస్తకాలూ ఇంగ్లీషులో వచ్చి కూర్చున్నాయి. ఎక్కడా ఖాళీ లేదు, ప్రశ్న లేదు. ఈలోపు నీళ్ళ పరీక్ష కూడా అయింది. బాయిలరు నిండా చన్నీళ్ళు నింపి ఒత్తిడి పెడితే చుక్క కారలేదట. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం నిప్పు పెడదామన్నాడు మేనేజరు. 'పుస్తకాల్లో ఉన్నదంతా ఇందులో ఉంది' అని కంపెనీ తరఫున మా అమ్మాయి ఒక కాగితం మీద సంతకం చెయ్యడమే మిగిలింది.

నిప్పు పెట్టడానికి ఇంకా పది రోజులుండగా, ఒక పొద్దున ఆమె ఆ ఇంగ్లీషు పేజీలు వాళ్ళ నాన్నకు తెలుగులో చదివి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నిద్రపోయారనుకున్నాను.

"ఎన్నేళ్ళ పుస్తకాలు ఇవి?"

"ఆరేళ్ళు నాన్నా."

"ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ఏమీ కాలేదా? అన్ని రోజులూ బాగుంది, బాగుంది, బాగుందేనా?" ఆయన కళ్ళు తెరిచారు. "కొత్త పెళ్ళాం కూడా ఆరేళ్ళు అలా ఉండదు."

"గడుల్లో అలాగే ఉంది మరి."

"గడుల్లో అలాగే ఉంటుంది. అంచున ఏముంది?"

"అంచునా?"

ఆయన లేచి, మూలనున్న సంచిలోంచి తన పాత రిజిస్టరు తెచ్చారు. పాత బాయిలరుది, గుర్తుగా దాచుకున్నది. మోకాలి మీద పెట్టి తెరిచారు. గడుల్లో ఇంకు, ప్రతి రోజూ ఒకే అంకె. గడుల బయట పెన్సిలు. 'పంపు దగ్గుతోంది.' 'ఎడమ వాల్వు బిగిస్తే మాట వినదు, సుత్తితో చిన్నగా తట్టు.' 'గాజు గొట్టంలో మట్టం నమ్మకు.' ఒక మూల వాల్వు బొమ్మ.

"గడుల్లో రాసేది ఆఫీసుకు," అన్నారు మా ఆయన. "అంచున రాసేది నా తర్వాత షిఫ్టుకు వచ్చేవాడికి. ఇంకుతో రాస్తే నన్ను సంజాయిషీ అడుగుతారు. పెన్సిలైతే మాలో మాకు. బాయిలరు ప్రాణం అంతా ఇక్కడ ఉంటుంది, అంచున. నిప్పు దగ్గర నిలబడ్డవాడెవడైనా ఇలాగే రాస్తాడు. అక్కడివాడు మాత్రం ఎందుకు రాయడు?"

నా చేతిలో పళ్ళెం ఉంది. అది ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఆయన వయసువాడెవడో ఆ సున్నలు గీసి ఉంటాడని, పసివాడు కాదని, ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

అమ్మాయి పరుగెత్తి మూడు పుస్తకాలూ తెచ్చింది. రెండో పుస్తకంలో పెన్సిలు ఉంది. మూడోదాంట్లోనూ ఉంది, అక్కడక్కడా, ఒకటి రెండు వరసలు. నేను చట్రం దాకా పెట్టి తీసిన ఫొటోల్లో అవేవీ పడలేదు. మొదటి పుస్తకం తెల్లగా ఉంది.

"ఇది మాత్రం వింతగా ఉందే," అన్నారు మా ఆయన, పేజీని వేలితో తడుముతూ. "మొదట్లో రాయలేదేమో."

అప్పుడు చెప్పాల్సింది. ఆ ఒక్క నిమిషంలో చెప్పి ఉంటే ఇది కథే కాదు. చెప్పబోయాను కూడా. 'అమ్మాయి ఉద్యోగం పోతే?' అని ఒకటి అడ్డు వచ్చింది. 'ఆ గీతల్లో ఏమీ లేకపోతే ఊరికే అల్లరిపాలు కావడమే కదా' అని ఇంకొకటి. 'ఏమీ లేకపోతే అన్నిసార్లు ఎందుకు గీస్తాడు' అని మూడోది. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ వారం నా నోట్లోంచి ఒక్క భయం బయటికి రాలేదు. అన్నిటికన్నా పెద్దది లోపల అడ్డం పడితే చిన్నవి ఎలా వస్తాయి? ఆయన పనికి బయలుదేరితే గుమ్మం దాకా వెళ్ళి ఊరికే నిలబడేదాన్ని. పైకి అంటే ఆగుతుందనుకున్న దాన్ని, ఈసారి అనకుండా పంపిస్తున్నాను.

మూడో రోజు ఆయన చెప్పులు వేసుకుంటూ అమ్మాయిని పిలిచారు. "మీ అమ్మకు ఒంట్లో ఎలా ఉందో చూడు. మూడు రోజులుగా నేను ఒక్కసారి కూడా చావలేదు."

"అవునమ్మా, నేనూ చూస్తున్నాను. ఏమైంది?"

"ఏమీ లేదు," అన్నాను. "తలనొప్పి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలనొప్పి వస్తే నేను మామూలుగా ఇంకా పెద్ద రోగం పేరు చెబుతాను.

ఆ పెన్సిలు వరసలు చిలకకు పంపితే, అంచున ఉన్నవి పనిలో భాగం కావన్నాడు. కోర్టావిడ మాత్రం అక్షరాలు చదివింది గానీ, ఒక్కదానికీ తల తోక తెలియలేదట. మళ్ళీ ప్రశ్నలు పంపింది, ఈసారి పద్నాలుగు. అమ్మాయి రోజంతా ఫోన్లు చేసింది. పాలిటెక్నిక్ పంతులు ఒకాయన దొరికాడు, ఆయనకు కరెంటు మోటార్లు తప్ప ఆవిరి తెలియదు. ఓడల ఇంజనీరు ఒకాయన దొరికాడు, ఆయన సముద్రం మీద ఉన్నాడు, వచ్చే నెల దిగుతాడట.

ఏడో రోజున కోర్టావిడే ఫోను చేసింది. ఆవిడ ఉండే వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడట. తన సొంత దేశంలో బియ్యం మిల్లులో పంతొమ్మిదేళ్ళు ఆవిరి చూశాడట. ఇంగ్లీషు ముక్క రాదు, కలం పట్టుకుని రాయడు, చదివి చెబుతాడు.

అమ్మాయి ఫోను పెట్టేసి కుర్చీలోనే ఒక చుట్టు తిరిగింది. "దొరికాడు నాన్నా. ఒక్క మనిషిలో దొరకలేదు, ఇద్దరిలో దొరికాడు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడతాను. ఆయన చెబుతాడు, ఆవిడ ఇంగ్లీషు చేస్తుంది, నేను నీకు తెలుగు చేస్తాను."

"మధ్యలో ఎక్కడో ఒలికిపోకుండా చూసుకో," అన్నారాయన.

మామూలుగా అయితే ఆ మాట నాది.

శనివారం పొద్దున పదకొండింటికి కుదిరింది. సోమవారం నిప్పు. మా ఆయన సెలవు పెట్టి, తలదువ్వుకుని, ఫొటో దిగేవాడిలా బిగుసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర. అటు తెరలో కోర్టావిడ, కళ్ళద్దాలు, ముందు కాగితాల కట్ట. ఆమె పక్కన బక్కపలచని ముసలాయన, చేతులు మడిచి. ఆ చేతుల మీద కాలిన మచ్చలున్నాయి. మా ఆయన చేతుల మీద ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే.

ముసలాయన ఏదో అడిగాడు. కోర్టావిడ ఇంగ్లీషులో అంది. అమ్మాయి తిరిగి, "పంపు బాగుందో లేదో నువ్వెలా తెలుసుకుంటావు అని అడుగుతున్నారు నాన్నా," అంది.

మా ఆయన మాటతో చెప్పలేదు. బల్ల మీది పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, పిడి చెవికి ఆనించి, మొన బల్లకు ఆనించి, వింటున్నట్టు చూపించారు. ముసలాయన నోరంతా తెరిచి నవ్వాడు. తన జేబులోంచి తనదీ తీసి చెవికి ఆనించుకున్నాడు. మధ్యలో ఇద్దరాడవాళ్ళు తర్జుమా చెయ్యడానికి ఏమీ లేక ఊరుకున్నారు.

తర్వాత పని మొదలైంది. అమ్మాయి పేజీ తెరకు చూపిస్తుంది, ఆయన చదువుతాడు. ఒక్కొక్కటీ మూడు చేతులు మారి మా ఆయన దగ్గరికి వచ్చేది. 'కట్టెలు తడిగా ఉంటే తలుపు పూర్తిగా మూయకు.' 'నీళ్ళ మట్టం ఉదయం అబద్ధం చెబుతుంది.' మా ఆయన ప్రతిదానికీ తలాడించారు, ఎదురింటి మనిషితో మాట్లాడుతున్నట్టు. నాకూ ఒక్క నిమిషం గుండె తేలికపడింది. ఇవే కదా, ఇలాంటివే కదా మొదటి పుస్తకంలో కూడా, అనుకున్నాను.

రెండో పుస్తకం చివర్లో ఒక వరస దగ్గర ముసలాయన ఆగిపోయాడు. పేజీ దగ్గరికి తెమ్మన్నాడు. ఇంకా దగ్గరికి. రెండుసార్లు చదువుకుని, నెమ్మదిగా చెప్పాడు. కోర్టావిడ నెమ్మదిగా ఇంగ్లీషు చేసింది. మా అమ్మాయి గొంతు కూడా నెమ్మదించింది.

"'అదే చోట, మళ్ళీ. చల్లగా ఉన్నప్పుడు కనపడదు, వేడెక్కాక చెమట పడుతుంది. చోటు మొదటి పుస్తకంలో గీసి పెట్టాను, చూసుకుని నిలబడు.' అని ఉందట నాన్నా."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. "చెమటా? పలక మీదా?"

ఆ ప్రశ్న అటు వెళ్ళి, జవాబు తిరిగి వచ్చింది. పలక మీదే. బాయిలరు లోపల గొట్టాలన్నీ వచ్చి గుచ్చుకునే మందపాటి గుండ్రటి ఇనుప పలక ఒకటుంటుంది, రెండు గొట్టాల మధ్య అది బీట వారుతుంది. చన్నీళ్ళ పరీక్షలో ఆ బీట మూసుకునే ఉంటుంది. నిప్పు తగిలితేనే నోరు విప్పుతుంది. ఆ సంగతి మా ఆయన నాకోసం కాదు, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు.

"ఏ చోట?" అన్నారు. "నూట పన్నెండు గొట్టాలున్నాయి దానికి. అన్నీ విప్పి గీకి చూడాలంటే నెల. మేనేజరు నెల ఆగడు. ఒక్క చోటు చూపిస్తే రెండు గంటల పని, ఆయన్నే పిలిచి వేలు పెట్టించి చూపిస్తాను. అడుగు, ఏ చోటో."

"మొదటి పుస్తకంలో ఉందంటున్నారు నాన్నా."

అమ్మాయి మొదటి పుస్తకం తెరిచి కెమెరాకు చూపించింది. ఒక పేజీ, ఇంకో పేజీ. అంచులన్నీ తెల్లగా, పొందిగ్గా. నా చేతిపని. అంత బాగా ఇంకెవరూ చెరపలేరు.

"ఏమీ లేదండీ," అంది ఇంగ్లీషులో. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు.

ముసలాయన పెద్దగా ఏదో చెప్పాడు. "రాసినవాడు మంచి పనివాడంటున్నారు," అంది అమ్మాయి. "గీశానన్నవాడు గీసే ఉంటాడంటున్నారు."

మా ఆయన పుస్తకం తీసుకుని తానే తిప్పారు. చివరి పేజీ దాకా తిప్పి, మూసి, దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నారు. "సరేలే," అన్నారు. "లేనిదాన్ని ఎక్కణ్ణించి తెస్తాం. సోమవారం నేను జాగ్రత్తగానే ఉంటాను. కొంచెం పక్కకు నిలబడతాను."

ఏ పక్కకు అని ఎవరూ అడగలేదు.

ముసలాయన మళ్ళీ ఏదో అన్నాడు, ఈసారి చిన్నగా. కోర్టావిడ తటపటాయించి అంది. మా అమ్మాయి అది వాళ్ళ నాన్నకు తెలుగు చెయ్యలేదు. కుర్చీ తిప్పి నావైపు చూసింది.

"ఈ పుస్తకాలు ఇంట్లో ఇంకెవరైనా ముట్టుకున్నారా అని అడుగుతున్నారమ్మా."

పైన రేకుల మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆ వానాకాలానికి అవే చివరివి కావచ్చు. తెరలో ఇద్దరూ, గదిలో ఇద్దరూ, నాకేసి చూస్తున్నారు. నాలుగు జతల కళ్ళలో ఒక్కదాంట్లోనూ కోపం లేదు, అదే నాకు కష్టమైపోయింది. ఇరవై రెండేళ్ళుగా జరగనివన్నీ చెప్పిన నోరు. జరిగింది ఒక్కటి చెప్పడానికి పెదవి కదల్లేదు. అమ్మాయి రెండోసారి అడగలేదు. తన పనే అది కదా, అడిగి కాచుకుని ఉండడం. తెరలో ముసలాయన కూడా చేతులు మడుచుకుని కాచుకున్నాడు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరగడం చూశాను. ఇంకో చుట్టులో సగం కూడా చూశాను.

అప్పుడు చూసుకున్నాను, నా కుడిచేతి చూపుడువేలు చీర కుచ్చిళ్ళ మీద కదులుతోంది. పెద్ద సున్న. లోపల చుక్కలు, పైనుంచి వరస తర్వాత వరస. ఒక్కసారి చెయ్యి తిప్పిన బొమ్మ నేను మరిచిపోను, ఇరవై ఏళ్ళుగా దానితోనే బతికాను. వాటి మీద రెండు మధ్యాహ్నాలు తిప్పాను.

"గీశాడు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మాయి కోర్టావిడకు చెప్పబోయి ఆగింది.

"గీశాడే. పెన్సిలుతో, నాలుగైదు పేజీలకొకటి. పిల్లల గీతలనుకుని నేనే చెరిపేశాను. మొదట ఒక్క చుక్క మీదే కొట్టివేత ఉండేది, కింది నుంచి మూడో వరసలో, ఎడమ చివర. పోను పోను నాలుగయ్యాయి. అన్నీ నా చేతిలో ఉన్నాయి. కాగితం, పెన్సిలు ఇలా ఇవ్వు, దించి చూపిస్తాను."